మా ఇంటి చెత్త, మావ ముక్కు

మా స్కూలు వరండాలో, మంచినీళ్ళ కుళాయి పక్కన గోడకి, ఒక చార్టు మూడేళ్ళపాటు వేలాడింది. పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో ‘ఒక ఇంటి చెత్త ఎలా తగ్గింది’ అని ఉంటుంది. కింద వారం వారీగా బరువులు. మొదటి వారానికి ఎదురుగా నాలుగు కిలోల పైమాట. దిగువకి వచ్చేకొద్దీ అంకె చిన్నదవుతుంది. చివరి మూడు వారాలకి మూడు సున్నాలు, ఒక్కోదాని చుట్టూ పువ్వు రేకులు.

ఆ ఇల్లు మాది. ఆ చార్టు రాసినవాణ్ణి నేను. ఆ మూడు సున్నాలూ నిజం కావు.

చార్టులో అబద్ధం రాయడం ఒక తప్పు. దాన్ని కాపాడుకోవడానికి బెల్లం వండే ఒక పెద్దాయనతో ఇంకో అబద్ధం ఆడాను. అది అంతకంటే పెద్ద తప్పు. దానివల్ల ఆయనకి తన ముక్కు మీద తనకే నమ్మకం పోయింది, పెనం దగ్గర ఆయన చోటు పోయింది. చార్టు సంగతి ఊళ్ళో కొంతమందికి తెలుసు. ఆయన సంగతి ఇంకొంతమందికి తెలుసు. రెండిటికీ ముడి ఉందని మాత్రం మొన్నమొన్నటి దాకా నాకొక్కడికే తెలుసు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను చోడవరంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఒకరోజు ఎనిమిదో తరగతిలో ప్లాస్టిక్ పాఠం చెబుతూ, “మీ ఇంట్లో వారానికి ఎంత చెత్త వస్తుంది?” అని పిల్లల్ని అడిగాను. ఎవరికీ తెలియదు. సాయంత్రం స్కూటరు మీద ఇంటికొస్తూ ఆలోచిస్తే నాకూ తెలియదని తేలింది. యాభైకి దగ్గరపడ్డాను. రోజూ పొద్దున్న ఈల ఊదుకుంటూ చెత్తబండి వస్తే బకెట్టు పట్టుకెళ్ళి బోర్లించి వస్తాను. ఒక్కసారైనా అందులోకి తొంగి చూసిన పాపాన పోలేదు.

ఆ ఆదివారం పెరట్లో పాత పేపర్లు పరిచి, వారం రోజులు దాచిన చెత్తంతా వాటి మీద కుమ్మరించాను. పుల్ల పట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ గుమ్మంలోంచి చూసింది.

“ఏటండీ, ఉంగరం పోయిందా?”

“లేదు. ఊరికే చూస్తున్నాను.”

“సెత్తలో సూడ్డానికేటుంటాది?”

చాలా ఉంది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఇద్దరు మనుషులు వారంలో ఇంత చేస్తారా అనిపించింది. బరువులో సగానికి పైగా కూరగాయల తొక్కలు, టీ పొడి, మిగిలిన అన్నం. అది నేను ఊహించలేదు. బరువు లేకుండా కుప్పంతా పరుచుకున్నవి మాత్రం కవర్లు. కర్రీ పాయింటు సాంబారు కవర్లు, వాటికి విప్పడానికి వీల్లేని దారపు ముళ్ళు. మా ఆవిడ వాటిని ఓపిగ్గా విప్పుతుంది, నేను పంటితో చింపుతాను. ముళ్ళు చూస్తే ఏ రోజు ఎవరు విప్పారో చెప్పేయవచ్చు. ఒకదానికొకటి అంటుకుని ఉన్న షాంపూ ప్యాకెట్లు, మాత్రల అట్టలు, ఇడ్లీ పొట్లంలో ఆకు కింద వేసే పల్చటి కాగితం లాంటి ప్లాస్టిక్కు. ఆకు ఉండగా అదెందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నవి పాల కవరు మూలలు. కత్తెరతో కత్తిరించి పడేసిన, గోరంత మూడు మూలల ముక్కలు. వారానికి పద్నాలుగు దొరికాయి. కవరుని కడిగి ఆరేస్తే పాత సామాన్ల బండివాడు తీసుకుంటాడు. ఈ ముక్కని ఎవరూ తీసుకోరు, ఎవరి కంటికీ ఆనదు కూడా. పెళ్ళయిన దగ్గర్నుంచి మా ఇంట్లోంచి ఇలాంటివి ఎన్ని వెళ్ళి ఉంటాయి? అవన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయి? మట్టిలోనా, శారదా నదిలోనా, ఏ పశువు కడుపులోనా? అరచేతిలో పద్నాలుగు ముక్కలూ పెట్టుకుని మా ఆవిడకి చూపించాను. మర్నాటి నుంచి కవరుకి గాటు పెట్టడమే కానీ మూల తెంచడం మానేశాం. అది మా మొదటి మార్పు.

స్కూలు ల్యాబులోంచి స్ప్రింగు త్రాసు తెచ్చి వారం వారం తూచడం మొదలుపెట్టాను. అంకె కనిపిస్తే ఆశ పుడుతుంది. కర్రీ పాయింటుకి స్టీలు క్యారేజీ పట్టుకెళ్ళాను. కొట్టతను గరిటె గాలిలో ఆపి, “ఏటి మేష్టారూ, ఏదైనా కేంపుకెల్తన్నారా?” అన్నాడు. వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. పది రోజులయ్యాక వాళ్ళలో ఒకతను కూడా క్యారేజీతో వచ్చి నాకు చూపించి మరీ కళ్ళెగరేశాడు. చేపల బజారుకి మూత గిన్నె తీసుకెళితే అమ్మే ఆవిడ, “గిన్నె తెచ్చేవు బాగానే ఉంది గానీ బాబూ, తోక బయటికుండిపోతంది. పిల్లులు ఎంటబడతాయి, బండి జోరుగా తోలుకెల్లిపో” అంది. పాలు పక్క వీధిలో గేదె ఉన్న ఇంటి నుంచి క్యానులో తెచ్చుకున్నాం. షాంపూ ప్యాకెట్ల బదులు కుంకుడు రసం అన్నాను. “మీ నెత్తిమీద నాలుగు ఎంటికలకి అది సరిపోద్ది, నా సంగతేటి?” అని మా ఆవిడ పెద్ద సీసా కొనిపించింది. అది నిజంగానే మంచి సలహా.

తొక్కల కోసం పెరట్లో అడుగున చిల్లులున్న కుండ పెట్టాం. మొదటి వారం కంపు కొట్టింది, పురుగులు పట్టాయి. మా ఆవిడ మూడు రోజులు పెరటి తలుపు తియ్యలేదు. పొడిది ఏదైనా పైన వేస్తే కంపు పోతుందని తెలిసి, రావికమతం వైపు ఉన్న మా బావ దగ్గరికి వెళ్ళాను. బావ అంటే మా ఆవిడ అన్నయ్య. ఫ్యాక్టరీకి తోలగా మిగిలిన చెరకుని సొంతంగా ఆడి బెల్లం వండిస్తాడు. రసం తీసేశాక మిగిలే చెరకు పిప్పి అక్కడ ఎండబెట్టి గుట్టలు పోసి ఉంటుంది, అదే పొయ్యికి మంట. ఒక గోనెసంచి నిండా ఇచ్చాడు. తొక్కల మీద పిడికెడు పిప్పి చల్లితే కంపు మాయమైంది. రెండు నెలల తర్వాత కుండ అడుగున నల్లగా, వాన పడ్డ మట్టి వాసన వేస్తూ ఎరువు దిగింది. మా ఆవిడ దాన్ని వేళ్ళతో నలిపి చూసి, వెళ్ళి మిరప నారు తెచ్చుకుంది.

ఇంతవరకూ చెప్పింది అంతా నిజం. చార్టులో ఈ భాగం వరకూ ఎవరైనా నమ్మవచ్చు.

మా హెడ్మాస్టరు నేను బరువులు రాసుకునే నోటుబుక్కు చూసి, చార్టు రాసి గోడకి పెట్టమన్నారు. స్కూలుకి ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్ళి చూపించేవారు. “సున్నా ఎప్పుడు మాష్టారూ?” అని అందరూ అడగడం మొదలైంది. వచ్చే నెల అన్నాను. అన్న వారానికే పక్క వీధి గేదె వట్టిపోయింది. మళ్ళీ పాల కవర్లు. వాటికి తోడు నూనె ప్యాకెట్లు, బిస్కెట్ల రేపర్లు, మాత్రల అట్టలు ఎలాగూ ఉన్నాయి. ఎంత తగ్గించినా ఒక చిన్న సంచెడు మిగిలేది. పాత సామాన్ల బండివాడు అందులో సగం వద్దనేవాడు, పాల కవర్లు ఇద్దామన్నా ఆ నెల అతను రానేలేదు.

సున్నా అని చెప్పాను కదా. ఏం చెయ్యాలో తోచలేదు.

మా బావ పొయ్యి దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరొచ్చినా మంటకి చేత్తో ఏదో ఒకటి ఇవ్వాలి. ఎండు కొబ్బరి డొక్కలు గానీ, తాటి మట్టలు గానీ, ఇంట్లో విరిగిన కర్ర ముక్క గానీ. ఇస్తే విస్తరాకు ముక్కలో వేడి వేడి పాకం పెడతారు. ఉత్త చేతులతో వస్తే, “పొయ్యికేటి తెచ్చేవు?” అని అడుగుతారు. అలా అడిగించుకోవడం నామోషీగా ఉంటుంది. అందుకని నేను పిప్పి కోసం వెళ్ళే ఆదివారాల్లో గోనెసంచిలో కొబ్బరి డొక్కలు నింపుకుని వెళ్ళేవాణ్ణి. ఖాళీ అయిన సంచిలో పిప్పి తెచ్చుకునేవాణ్ణి.

ఒక ఆదివారం డొక్కల కింద ఆ వారం కవర్లు కూడా పెట్టాను.

తెలియక చేశానని చెప్పను. ప్లాస్టిక్ కాల్చకూడదని పిల్లలకి బోర్డు మీద రాయించిన మనిషిని. కానీ అంత పెద్ద మంటలో పిడికెడు కవర్లు ఒక లెక్కా, పొగ గొట్టం గుండా పైకి పోతుంది అనుకున్నాను. పొయ్యి నోరు, రసం కాగే పెద్ద పెనం వెనక, గోతిలో ఉంటుంది. మంట వేసే అతను చుట్ట వెలిగించుకుందామని పక్కకెళ్ళినప్పుడు దిగి, డొక్కలతో కలిపి లోపలికి తోసేశాను. క్షణంలో ఏమీ మిగల్లేదు. ఇంటికొచ్చి చార్టులో సున్నా రాశాను.

పెనం దగ్గర ఉండే పెద్దాయన్ని అందరూ మావ అనేవారు. నేనూ అలాగే రాస్తాను. అరవై దాటిన మనిషి, సన్నటి ఒళ్ళు, చెవుల మీద తెల్ల వెంట్రుకలు. కుర్రతనం నుంచి బెల్లం వండడమే పని. పాకం దించే వేళని చూపుతో కాకుండా ముక్కుతో పట్టేవాడు. రసం కాగుతుంటే ఆవిరి మీదికి వంగి, అది కొత్తగా నాటిన తోట చెరకో, నరికిన దుబ్బు మళ్ళీ చిగిర్చిన తోట చెరకో చెప్పేవాడు. సైన్సు మాష్టారిగా నాకది వింత. మా ముక్కులో ఉన్నదే ఆయన ముక్కులోనూ ఉంది, మరి ఆయనకి అది ఎలా తెలుస్తోంది అని ఎన్నోసార్లు అడిగాను. “మీరు అచ్చరాలు సదవరా మేష్టారూ? ఇదీ అంతే” అనేవాడు.

ఆ మొదటి ఆదివారమే మావ తలెత్తి నాలుగు వైపులా చూశాడు.

“ఏటో వాసనొస్తంది.”

“పిప్పి మెత్తబడింది మావా” అన్నాడు మా బావ. బావ చెరకు ఆడే డీజిలు ఇంజను పక్కన ఉన్నాడు, అక్కడ డీజిలు తప్ప ఇంకే వాసనా తెలియదు. మంట వేసే అతని నోట్లో చుట్ట ఉంది. పొగ గొట్టానికి మావ నిలబడే వైపు ఒక పగులు ఉండేదని, దానికి మెత్తిన మట్టి సందుల్లోంచి పొగ ఆయన మీదికే వచ్చేదని నాకు తర్వాత తెలిసింది. నేను స్కూటరు దగ్గరికి వెళ్ళిపోయాను.

రెండో ఆదివారం కవర్లతో పాటు మా ఆవిడ వాడకుండా మూల పెట్టిన పాత రెక్సిన్ సంచి ముక్కలు కూడా వేశాను. చార్టు కోసం ఇంట్లో ఉన్న పాతవన్నీ వదిలించేస్తున్నాను. ఈసారి మావ పెనం వదిలి గోతి దగ్గరికి వచ్చి చూశాడు. అప్పటికి లోపల మంట తప్ప ఏమీ లేదు. కళ్ళు తుడుచుకున్నాడు.

“ఇంకెవులికీ తెల్డం నేదేటిరా?” అన్నాడు.

“మావా, మొన్నటి బెల్లాన్ని బేరగాడు కిక్కురుమనకండా ఎత్తుకెల్లేడు. వాసనుంటే ఊరుకుంటాడేటి?” అన్నాడు బావ.

మూడో ఆదివారం ఆయన నేరుగా నా దగ్గరికే వచ్చాడు. భుజం మీద తువ్వాలుతో ముక్కు తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

“మేష్టారూ, మీరు సదువుకున్నోరు. నిజం సెప్పండి. మీ ముక్కుకేటైనా తగుల్తందా?”

తగులుతోంది. బాగా తగులుతోంది.

“లేదు మావా” అన్నాను.

అక్కడితో ఆపి ఉండవచ్చు. ఆపలేదు. ఆయన ఇంకా నా మొహంలోకి చూస్తుంటే, క్లాసులో చెప్పినట్టు చెప్పాను. “వయసు మీద పడితే వాసన పట్టే శక్తి తగ్గుతుంది మావా. ఒక్కోసారి లేని వాసనలు కూడా ఉన్నట్టు తోస్తాయి. అది మామూలే.”

చెప్పిన సంగతి పుస్తకంలో ఉన్నదే, అందులో తప్పు లేదు. ఆయన ముక్కుకి ఏమీ కాలేదని తెలిసీ దాన్ని ఆయనకి అంటగట్టాను. మావ తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. “అలాగేటి” అన్నాడు. పెనం దగ్గరికి వెళ్ళి ఆవిరి మీదికి వంగబోయి, వంగకుండా నిటారుగా నిలబడ్డాడు. అది నేను చూశాను.

తర్వాతి వారం నేను వెళ్ళలేదు. సున్నాలు మూడు చాలనుకున్నాను. ఆ వారంలోనే మావ పాకం మాడిపోయింది. దించాల్సిన వేళ ముక్కు చెప్పినా నమ్మక, కళ్ళతో చూసి దించుదామని ఆగాడు. ఆగేసరికి పెనమంతా నల్లబడింది. రెండు రోజులకి ఇంకో పెనం. మా బావ మంచివాడే, కేకలెయ్యలేదు. “మావా, ముక్కు పోయినట్టుంది. ఇంక ఇంటికాడ రెస్టు తీసుకో” అన్నాడట. మావ “అవును. మేష్టారు ముందే సెప్పేరు” అన్నాడట. బావ ఇది నా తెలివికి మెచ్చుకోలుగా చెప్పాడు. నేను టీ తాగుతున్నాను. గ్లాసు కింద పెట్టేశాను.

ఆ నెలలో ఆ పొయ్యి మీద వండిన బెల్లం ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలియదు. అనకాపల్లి మార్కెట్టుకి వెళ్ళింది, అక్కడి నుంచి ఎవరి ఇళ్ళకి చేరిందో, ఏ పరమాన్నంలో కలిసిందో. అందులో ఒక దిమ్మ మా ఇంటికీ వచ్చింది. స్టాఫ్ రూములో అందరికీ తలా ఒక ముక్క పెట్టాను. పాల కవరు మూలలు ఎక్కడికి పోతున్నాయని అంత ఆరా తీసిన మనిషిని, దీని గురించి మాత్రం ఆరా తియ్యలేదు.

మూడేళ్ళు గడిచాయి. ఈ సంవత్సరం స్కూల్లో ఎగ్జిబిషన్ పెడుతున్నారని, చార్టు మీద రంగు వెలిసిపోయిందని, మళ్ళీ దిద్దమని ఇంటికి పంపారు. మంచం మీద పరిచి స్కెచ్ పెన్నులు వెతుక్కుంటున్నాను. మా ఆవిడ బట్టలు మడత పెడుతూ దాన్ని చదివింది. ఆవిడ దాన్ని దగ్గరగా చూడడం అదే మొదటిసారి.

“ఈ సున్నాలేటండీ?”

“ఆ నెల ఏమీ లేదు కదా.”

“ఎందుకు నేదు? గేదె వట్టిపోయింది ఆ నెల్లోనే. రోజుకి రెండు పాల కవర్లు కొన్నాం. కడిగి దండెం మీద నేనే ఆరేసేను. నా రెక్సిన్ సంచి కూడా ఆ నెల్లోనే కనబళ్ళేదు.”

నేను పెన్ను మూత తీసి పెట్టాను, పెట్టి తీశాను.

“అన్నయ్య పొయ్యికి డొక్కలు తీసుకెళ్ళేరు కదూ మూడు వారాలు” అంది. అంతే. అడగలేదు, అంది. మడత పెడుతున్న లుంగీ ఆవిడ చేతిలో ఆగిపోయింది. “మావకి ముక్కు పోయింది ఆ యేడేగా.”

అవునన్నాను. అంతా చెప్పాను. ఆవిడ లుంగీ మడత పూర్తిచేసి అల్మరాలో పెట్టి, “రేపు ఆదివారం. మీరెల్తారా, నన్ను రమ్మంటారా?” అంది.

మావ ఇప్పుడు బుచ్చయ్యపేటలో కూతురింట్లో ఉంటున్నాడు. నేనొక్కణ్ణే వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చిక్కుడు కాయలు ఈనె తీస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. కూతురు కుర్చీ వేసి లోపలికెళ్ళింది. లోపల పోపు వేసిన వాసన వచ్చింది. మావ కాయల మీంచి తల ఎత్తకుండా, “అమ్మా, ఇంగువేసేవేటే?” అని అడిగాడు.

“ఏసేను నాన్నా” అంది లోపల్నుంచి. నాతో అంది, “ఇలాగే అడుగుతాడండి మేష్టారూ, ప్రతిదానికీ. తెలిసినా సెరే, మమ్మల్నడిగే దాకా నమ్మడు.”

నేను వచ్చిన పని వెంటనే చెప్పెయ్యాలనుకున్నాను, లేకపోతే చెప్పలేను. చెప్పాను. గోనెసంచి, డొక్కలు, వాటి కింద కవర్లు, చార్టు, ఆయన అడిగినప్పుడు నేను లేదనడం. మావ ఈనె తియ్యడం ఆపలేదు. మొత్తం విన్నాక ఒక కాయ చేతిలో పట్టుకుని అడిగాడు.

“ఏ కవర్లు?”

“పాల కవర్లు, నూనె ప్యాకెట్లు…”

“అది మొదటి వారం” అన్నాడు. “కొవ్వొత్తి ఆర్పినట్టొచ్చింది. నాకు గేపకముంది. రెండో వారం అది కాదు. రెండో వారం కళ్ళు మండేయి. బ్లీచింగు సల్లినట్టు, ముక్కు లోపల కోసినట్టు. అదేటి?”

రెక్సిన్ సంచి సంగతి నేను ఆయనకి చెప్పలేదు. చెప్పడం మర్చిపోయాను. పాల కవరు కాలితే మైనం వాసన వస్తుంది. రెక్సిన్ కాలితే ఘాటుగా కళ్ళు మండే వాయువు వస్తుంది. ఇవి నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నవి. మావ మూడేళ్ళ క్రితం, పెనం మీద మరుగుతున్న రసం ఆవిరిలోంచి, రెండిటినీ విడివిడిగా పట్టుకుని ఇన్నాళ్ళూ గుర్తుంచుకున్నాడు.

“రెక్సిన్ సంచి మావా. మా ఆవిడది.”

మావ తొడ మీద ఒక్క దెబ్బ కొట్టుకున్నాడు. చిక్కుడు కాయలు అరుగంతా దొర్లాయి.

“అమ్మా! ఇలా రాయే! నేను సెప్పలేదా? రెండు రకాలని సెప్పలేదా?”

కూతురు గరిటెతో బయటికొచ్చింది. ఆయన మొహం వెలిగిపోతోంది. తర్వాత అదే మొహం మెల్లగా మారింది. నా వైపు చూశాడు.

“మూడేళ్ళు బాబూ” అన్నాడు. మేష్టారూ అనలేదు. “కూర తింటే ఇది కూరేనా అని అడుక్కున్నాను. వానొచ్చే ముందు మట్టి వాసనొస్తే, ఇది వానేనా నా పిచ్చా అనుకున్నాను. నా ముక్కుని నేనే తిట్టుకున్నాను. నువ్వు ఒక్క ముక్క సెప్తే సరిపోయేది.”

“తప్పయిపోయింది మావా.”

“నాకు సెప్పి ఏటి లాభం? నాకిప్పుడు తెలిసింది. ఆళ్ళకి తెల్దు కదా. పద.”

చొక్కా వేసుకున్నాడు. స్కూటరు వెనక కూర్చున్నాడు. దారిలో ఒకచోట ఎవరో గట్టు మీద చెరకాకు తగలబెడుతున్నారు. “ఆకులో ఏపపుల్లలు కూడా ఉన్నాయి” అన్నాడు, ఎవరితో అన్నట్టు కాకుండా.

పొయ్యి దగ్గర మా బావ, మంట వేసే అతను, మావ చోట్లోకి వచ్చిన కొత్త మనిషి ఉన్నారు. మావని చూసి అందరూ లేచారు. బావ ఎప్పట్లాగే, “పొయ్యికేటి తెచ్చేవు బావా?” అన్నాడు నాతో. ఉత్త చేతులతో నిలబడి మొత్తం మళ్ళీ చెప్పాను. ఇంజను ఆపమన్నాను ముందు, అది తిరుగుతుంటే మాట వినబడదు. అది ఆగాక అక్కడ రసం మరిగే చప్పుడు ఒక్కటే మిగిలింది.

మంట వేసే అతను చుట్ట తీసి, “నా పొయ్యిలోనా?” అన్నాడు. మా బావ నెత్తి మీద తువ్వాలు తీసి దులిపాడు.

“నేనేటో అనుకున్నాను బావా. సదువుకున్నోడివి, మా సెల్లెల్ని సూసుకుంటన్నావు, పిల్లలకి పాఠాలు సెప్తన్నావు. ఆ సెత్త నీ ఇంట్లో ఉంచుకుంటే ఏటి పోయింది? ఒక చిన్న సంచే కదా?”

నిజమే. ఒక చిన్న సంచే.

బావ మావ వైపు తిరిగాడు. “మావా, ముక్కు పోయిందని నిన్ను అన్న నోరు నాది. ఆ మాట ఎనక్కి తీసుకుంటన్నాను. రేపట్నుంచి వచ్చీ.”

మావ చెయ్యి చాపి చూపించాడు. వేళ్ళు వణుకుతున్నాయి. “పెనం దించలేను. ఆ పని ఈ గుంటడు సేస్తాడులే” అన్నాడు కొత్త మనిషిని చూపిస్తూ. ఆ గుంటడికి నలభై ఏళ్ళు ఉంటాయి. తర్వాత మావ పెనం దగ్గరికి నడిచాడు. ఎప్పుడూ నిలబడే వైపే నిలబడ్డాడు. నడుం వంచి ఆవిరి మీద మొహం పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. అందరం ఆయన్నే చూస్తున్నాం.

“సున్నం ఎక్కువేసేవురా” అన్నాడు.

కొత్త మనిషి, మడ్డి తేలడానికి రసంలో కలిపే సున్నం గిన్నెలోకి తొంగి చూసి, తల గోక్కుని, “ఒక సెంచా” అన్నాడు.

“సెంచా కాదు, రెండు.”

“రెండే” అన్నాడు వాడు. మంట వేసే అతను పెద్దగా నవ్వాడు.

ఆరోజు నాకు పాకం పెట్టలేదు. పొయ్యికి ఏమీ ఇవ్వనివాడికి పెట్టరు. వెళ్ళేటప్పుడు బావ అన్నాడు, “ఇకనించి నువ్వేటి తెచ్చినా ముందు మావ ముక్కు దాటాల. అప్పుడే పొయ్యిలోకి.” అది నా మీద కోపంతోనే అన్నాడు. కానీ మావ దాన్ని పనిగా తీసుకున్నాడు. ఈ బెల్లం రోజులంతా ఆదివారాలు షేరు ఆటోలో వస్తున్నాడు.

చార్టు దిద్దాను. మూడు సున్నాలూ కొట్టేసి, వాటి పక్కన మా ఆవిడ, నేను గుర్తు తెచ్చుకుని కట్టిన అంచనా బరువులు రాసి, కింద ‘ఇవి అంచనాలు, ముందు రాసినవి అబద్ధం’ అని రాశాను. హెడ్మాస్టరుగారు దాన్ని ఎగ్జిబిషన్లో పెట్టాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నారు. మా పెరట్లో మేకుకి ఇప్పుడు ఒక చిన్న సంచి వేలాడుతూ ఉంటుంది. దానికి ఇంతవరకూ నాకు దారి దొరకలేదు. అందులో పాల కవర్లు తీసేవాళ్ళున్నారు, మాత్రల అట్టలు తీసేవాళ్ళు లేరు. చెత్తబండి వెనక స్కూటరు మీద ఒకరోజు షెడ్డు దాకా వెళ్ళి, ఏది ఎక్కడ వేరు చేస్తున్నారో చూసి వచ్చాను. అక్కడ పని చేసే ఆవిడ, “ఏటండీ, పోయిందేదైనా ఎతుకుతన్నారా?” అంది. మా ఆవిడ అన్నట్టే అంది.

పోయిన ఆదివారం మేమిద్దరం కలిసి వెళ్ళాం. గోనెసంచిలో కొబ్బరి డొక్కలే ఉన్నాయి, రెండుసార్లు చూసుకుని కట్టాను. మావ సంచి విప్పి, డొక్కలన్నీ నేలమీద కుమ్మరించి, గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తొందరేమీ లేదు ఆయనకి. సగం అయ్యాక నా వైపు చూశాడు.

“ఈ సంచి దేవుడి గూట్లో పెట్టేవేటి? అగరొత్తుల వాసనొస్తంది.”

“లేదు మావా, పెరట్లోనే ఉంది” అన్నాను.

పక్కనున్న మా ఆవిడ నా చెయ్యి గిల్లింది. “మొన్న వానొస్తే లోపల పెట్టేను మావా. దేవుడి గూటి కిందే.”

మావ నన్ను చూసి తల ఊపాడు. తర్వాత ఆ డొక్క నా చేతిలో పెట్టి, “ఎయ్యి” అన్నాడు.